గండిమైసమ్మ దగ్గర తీసిన తాళంచెవి

చక్కగా నడుస్తున్న బస్సును ఆపి, అందులోని ముప్పై మంది పెద్దమనుషులను నడిరోడ్డు మీద నిలబెట్టిన ఘనుడు మీకెవరైనా తెలుసా? ఇకనుంచి తెలుసు. అంతా చెబుతాను, నవ్వడం మీ ఇష్టం.

అప్పటికి నేను కండ్లకోయలో మెకానికల్ ఇంజనీరింగ్ ముగించి ఆరు నెలలు. యంత్రాల గురించి నాకు తెలియనిది లేదని నాకొక్కడికే తెలిసిన రోజులు. అత్వెల్లిలో మరియమ్మక్క నడిపే పిల్లల హాస్టల్‌కు ఒక వ్యాను ఉండేది. ఇంకో నెల కూడా నడవదని మెకానిక్ తేల్చేశాడు. అది మూలపడితే పిల్లలకు బడి లేనట్టే. అందుకని మా మిత్రబృందం ఒక ఉపాయం పన్నింది. మా మామ షెడ్డులో దాచుకున్న పాతకాలపు ఎర్రబస్సులో ఊరి పెద్దలను గండిమైసమ్మ నుంచి మేడ్చల్ మీదుగా శామీర్‌పేట చెరువు దాకా తిప్పి, భోజనం పెట్టి, కొత్త వ్యాను అడగాలి.

"ముందుగాల మంచిగ తిప్పుండ్రి. అటెన్క ఆలోచిస్త," అన్నాడు బుచ్చిరెడ్డి పటేలు. ఆయనది ప్లాట్ల వ్యాపారం. ఆలోచించందే రూపాయి కదలదు.

డ్రైవర్ సత్తయ్య తాత పొద్దున్నే నాకు ఒక్క మాట చెప్పాడు.

"సెల్ఫ్ స్టార్టర్ ఖరాబైంది బిడ్డా, ఆగితే తోసుడే. ఏమన్న గానీ, ఇంజన్ మాత్రం బంద్ జెయ్యకు."

"గంతే గద తాతా," అన్నాను.

గుడి ముందు ఇంజన్ నడుస్తుండగానే తాత చాయ్‌కి వెళ్ళాడు. పూజారి బస్సుకు దండ వేశాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, నా ముందు చేయి చాపాడు.

"తాళంచెవి ఇయ్యుండ్రి. అమ్మ పాదాల కాడ పెట్టి తెస్త."

కొత్తదైనా పాతదైనా, వాహనపూజ అన్నాక తాళంచెవికి బొట్టు పడాలి. అందరూ చూస్తున్నారు. ఆ పూటకు కండక్టర్‌ని నేనే, సరదాకు అందరికీ టికెట్లు కూడా కొట్టాను. ఖాకీ చొక్కాతో, మెడలో విజిల్‌తో నేనొక్కణ్ణే బాధ్యత గలవాడిలా ఉన్నాను. తీసి ఇచ్చాను. అయినా ఇంజన్ ఆగలేదు. పాత డీజిల్ బండి మరి. అమ్మవారి ఎదుట ఇంత మొండితనమేమిటని, స్టీరింగ్ పక్కనున్న నల్ల బొత్తాం పట్టుకుని లాగాను. ఆగింది. చాలా ప్రశాంతంగా ఆగింది.

తాత చాయ్ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఎవడు బంద్ జేసింది? నేనేం జెప్పిన?"

"చావి తియ్యొద్దని చెప్పలే తాతా."

"నీ సదువు సల్లగుండ!"

ఇక తోయడమే. బుచ్చిరెడ్డి పటేలు తెల్లబట్టలతో వెనక నిలబడ్డాడు. పట్టుచీరల వాళ్ళు కొంగులు దోపారు. లోపల మిగిలింది మా అవ్వ ఒక్కతే.

"దిగు అవ్వా!"

"టికెట్ తీస్కున్నోళ్ళు తోస్తరా? నేను దిగ."

అందరం తోశాం. నిమ్మకాయలు నలిగాయి. బస్సు దగ్గి, నల్లపొగ వదిలి, అందుకుంది. చప్పట్లు కొట్టాం. బస్సు మాత్రం ఆగలేదు. చౌరస్తా దాటి కనబడకుండా పోయింది. ఫోన్ చేశాను.

"తాతా, మమ్మల్ని ఎక్కించుకోవా?"

"ఆపితే మళ్ళ బందైతది, నాకు భరోస లేదు. చెరువు కాడ పల్లం ఉన్నది, ఆడ్నే ఆపుత. మీరే రాండ్రి."

వెనక నుంచి అవ్వ గొంతు: "గాలి మస్తు వస్తాందని చెప్పు వానికి."

పొగకు పటేలు చొక్కా రంగు మారింది. ఆయన చూసిన చూపుకు వ్యాను మీద ఆశ వదిలేశాను. ఆ పిల్లలు తలపుకొచ్చి నిజంగానే ఏడుపొచ్చింది. మరియమ్మక్కకు ఫోన్‌లో చెప్పుకున్నాను.

"పరేషాన్ గాకు తమ్మీ. నేనొస్తున్న," అంది.

హాస్టల్ వ్యానుతోనే వచ్చింది. మమ్మల్ని మూడు దఫాలుగా చేరవేస్తానంది. మొదటి దఫాలో పటేలూ నేనూ ఎక్కాం. తలుపుకు తాడు కట్టి ఉంది, ఆ తాడు పట్టుకునే పని పటేలుకు పడింది. ఆయన కాళ్ళ కింది చిల్లులోంచి రోడ్డు కనబడుతోంది. కాళ్ళు రెండూ పైకెత్తి కూర్చున్నాడు. మేడ్చల్ దాటేదాకా తాడును ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకుంటూ వచ్చాడు.

"గీండ్లనా పిల్లలు పొయ్యేది?" అన్నాడు చివరికి.

"దినాం," అంది మరియమ్మక్క.

ఆయన ఇక ఆలోచించలేదు. చెరువు దగ్గర దిగీ దిగకముందే షోరూంకు ఫోన్ కలిపాడు.

కొత్త వ్యాను వచ్చిన రోజు హాస్టల్ ముందు ప్రార్థన. పిల్లలంతా అప్పటికే లోపల ఎక్కి కూర్చున్నారు, ఇంజన్ నడుస్తోంది. మరియమ్మక్క అందరినీ కళ్ళు మూసుకోమంది. తాను మాత్రం మూసుకోకుండా నావైపు తిరిగింది.

"తమ్మీ, నువ్వు రెండు చేతులు కట్టుకో. నేను ఆమెన్ అన్నంక గూడ ఇడువకు."

ఆనాడే ప్రమాణం చేశాను. నడుస్తున్న ఏ ఇంజన్‌నూ ఈ జన్మలో ఆపను. ఇంట్లో మిక్సీ ఆపాలన్నా మా ఆవిడనే పిలుస్తాను.