ఖిల్లా గోడ మీద పేరు

ఒక మాట ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరుగరు, నేను మిమ్మల్నెరుగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో నేను కరీంనగర్‌లో తొమ్మిదో తరగతి చదివేదాన్ని. ఒకరోజు మా పంతులమ్మ ఆడపిల్లలందరినీ ఎలగందల్ ఖిల్లా చూపించడానికి తీసుకెళ్లింది. నేనూ, నా దోస్తు సరోజనా చేతులు పట్టుకుని గుట్టెక్కాం. చదువులో అది నాకన్నా మెరుగు. పంతులమ్మ కావాలని దాని ఆశ. రాజులు తిరిగిన చోట కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి తిన్నాం, పైనుంచి మానేరును చూసి మురిసిపోయాం. అంత మంచి రోజును నేనే పాడు చేశాను.

గోడల నిండా పేర్లే. చూడవచ్చినవాళ్లంతా రాసిపోయారు. మీరు రాస్తే తోలు తీస్తానని పంతులమ్మ ముందే చెప్పింది. అయినా నా చెయ్యి ఊరుకుంటేనా? సరోజన నీళ్లు తాగడానికి పోయినప్పుడు, ఎవరో వంట చేసుకున్న రాళ్ల దగ్గర బొగ్గుముక్క దొరికింది. నా పేరు రాద్దామని చెయ్యెత్తాను. భయమేసింది. సరోజన పేరు రాశాను.

దాని మీద కోపమా? లేదు. కుళ్లా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. కొంచెం ఉండిందేమో, కానీ ఆ నిమిషాన నా మనసులో ఉన్నది ఒక్కటే, దొరికితే దొరికేది నేను కాకూడదని. పక్కనే అంతకుముందెవరో ‘రాజేశం’ అని రాసి పెట్టారు. నేను చూసుకోలేదు.

వెనక వచ్చిన పిల్లలు రెండు పేర్లూ కలిపి చదివి నవ్వుకున్నారు. మా దిక్కు రాజేశాలు వాడకొకరుంటారు. సరోజన వాళ్లింటి వెనకా ఒకడున్నాడు. మాట వాళ్ల బాపు చెవిన పడింది. బడి మాన్పించాడు.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఏడ్చి ఏడ్చి దాని మొహం వాచిపోయి ఉంది. బాపు గడప దగ్గరే కూర్చున్నాడు.

“నువ్వు నా పక్కపొంటే ఉన్నవ్ గదనే. నేను రాయలేదని బాపుకు జర చెప్పు,” అంది.

“నేను చూడలే,” అన్నాను.

“ఇన్నవా? నీ దోస్తే చెప్తలేదు,” అన్నాడు బాపు. సరోజన నా మొహం వంక చూసి లోపలికి పోయింది.

ఆ ఎండాకాలమే దాన్ని బోథ్‌లో పత్తి పండించే ఇంటికిచ్చి పెళ్లి చేశారు. పంతులమ్మను నేనయ్యాను. కొన్నేళ్ల తర్వాత ఒక పెళ్లిలో సరోజన కలిసింది. “నువ్వన్నా చదువుకున్నవ్, సంబురమైతది,” అని నా చెయ్యి పట్టుకుంది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. అన్నం తినకుండా వచ్చేశాను.

ఆ పేరు రాసింది నేను. ఈ మాట కాగితం మీద పెట్టేసరికి గుండె కొంత తేలికైంది. ఆ తేలికకు కూడా సిగ్గేస్తోంది. ఎందుకంటే ఇంత చెప్పి, ఇక్కడ కూడా దాని పేరే రాశాను. నా పేరు రాయలేదు.