గోవిందమ్మ కళ్లకద్దుకున్న కాగితం

నలభై ఏళ్లుగా ఒక కాగితాన్ని గుండె మీద మోస్తున్నాను. కాగితమే కదా, బరువేముంటుంది అంటారేమో. మోసి చూడండి. మా ఆయనకు చెప్పలేదు. చర్చిలో ఫాదర్ ముందు మోకరించిన రోజుల్లో కూడా కోపం, అసూయ, చిన్నా పెద్దా అబద్ధాలు అని అన్నీ కలిపి ఒకే మాటలో చెప్పేసి, దీన్ని మాత్రం కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకునేదాన్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

ఎనభైల మొదట్లో తిరుపతిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా ఉన్నాను. మా వార్డుకు ఉన్నది ఒకే ఒక వెంటిలేటర్. దాని మీదికి మునిరత్నం వచ్చాడు. చిత్తూరు దగ్గర పల్లె. బెల్లం వండేవాడు. మరిగే పాకం బొట్టును నీళ్లలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసి, పెనం దించాలో వద్దో చెప్పేవాడట. చుట్టుపక్కల గానుగలవాళ్లంతా ఆ వేళ్లనే నమ్మేవారని వాళ్లావిడ గోవిందమ్మ చెప్పింది. కాళ్లలో మొదలైన చచ్చుదనం నాలుగు రోజుల్లో ఛాతీ దాకా పాకింది. గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. కదలలేడు. మాట్లాడలేడు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. కళ్లు తెరిచి అన్నీ చూస్తూ ఉండేవాడు.

మా పెద్ద డాక్టరుగారు ఆ రోజుల్లో మాకు కొత్తగా తోచిన మాట ఒకటి చెప్పారు. యంత్రం మీద ఉన్నవాడు రేపు లేచి పనికి పోయేవాడే అనుకుని చూసుకోవాలట. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి. పూటకోసారి ప్రతి వేలూ, మణికట్టూ, చీలమండా మెల్లగా వంచి చాపాలి, లేకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి. చార్టులో దానికోసం ఒక గడి గీయించారు. చేసిన పూట అందులో టిక్కు పెట్టాలి.

పక్క తిప్పాను. గొట్టంలోంచి కఫం లాగాను. కరెంటు పోయినప్పుడు చేతులు పీకేదాకా బ్యాగు నొక్కి ఊపిరి పోశాను. అవన్నీ నిజం. వేళ్లు మాత్రం వంచలేదు. డ్యూటీ ఎక్కగానే టిక్కు పెట్టేసేదాన్ని. నేను సీనియర్ని కాబట్టి మిగతా పూటల వాళ్లు కూడా నన్ను చూసి అదే నేర్చుకున్నారు.

ఎందుకు చేయలేదు? తీరిక లేక అని రాయబోయి ఇప్పుడే ఆగాను. తీరిక ఉండేది. టీ తాగడానికి ఉండేది, స్వెట్టర్ అల్లుకోవడానికి ఉండేది. అసలు సంగతి వేరు. నేను చూసినంతలో ఆ యంత్రం ఎక్కినవాళ్లెవరూ ప్రాణాలతో దిగలేదు. పోయేవాడికి వేళ్లెందుకు? ఇదీ నేననుకున్నది. బతికున్న మనిషి నన్నే చూస్తుంటే, అతని మంచం పక్కనే నిలబడి, మనసులో అతన్ని పాతిపెట్టేశాను.

ఒక సాయంత్రం గోవిందమ్మ తలుపు దగ్గర నన్ను ఆపింది. చేతిలో నువ్వుల నూనె సీసా.

"సిస్టరమ్మా, మా యత్తకు పచ్చవాతం వచ్చినప్పుడు నేనే దినామూ సమురు రాసి కాళ్లూ చేతులూ ఆడిస్తా ఉంటిని. ఒక్క గడియ లోపలికి రానీ తల్లీ."

"రాకూడదమ్మా. మేము చేస్తానే ఉండాము."

"వేళ్లు కూడానా?"

ఆ ప్రశ్నకు నాకు రోషం వచ్చింది. పల్లెటూరి మనిషి నన్ను నిలదీయడమా? గబగబా వెళ్లి చార్టు తెచ్చి ఆమె ముందు పెట్టాను. "ఇదో, సూడు. దినానికి మూడుసార్లు. అంతా రాసినాము."

"నాకు సదువు రాదు తల్లీ. నువ్వు సెప్తే సాలు."

అని ఆ కాగితం మీద అరచేయి ఆనించి, ఆ చేతిని కళ్లకద్దుకుంది. నూనె సీసా కొంగులో దాచుకుని వెళ్లిపోయింది. నేను వెనక్కి తిరిగాను. తెరిచిన తలుపులోంచి మునిరత్నం కళ్లు నా మీదే ఉన్నాయి. మా మాటలన్నీ విన్నాడు. ఏది నిజమో ఆ వార్డులో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే.

ఆ క్షణమైనా మొదలుపెట్టి ఉండొచ్చు కదా? పెట్టలేదు. ఆ పూట నుంచి అతని ముఖం చూడకుండా పని చేసుకోవడం నేర్చుకున్నాను. కంచే చేను మేసింది.

మునిరత్నం చనిపోలేదు. వారాల మీద ఊపిరి తిరిగొచ్చింది, యంత్రం తీసేశారు. భుజాలు కదిలాయి, మోచేతులు కదిలాయి. వేళ్లు మాత్రం లోపలికి ముడుచుకుని అలాగే బిగిసిపోయాయి. డాక్టరుగారు చార్టంతా తిరగేసి, మావాళ్లు చేయాల్సిందంతా చేశారని, ఇది జబ్బు తీరేనని గోవిందమ్మకు నచ్చజెప్పారు. నేను పక్కనే ఉన్నాను. అప్పటికి మునిరత్నానికి మాట వచ్చింది. నా వైపు చూశాడు, డాక్టరు వైపు చూశాడు, ఏమీ అనలేదు. అది దయా? భయమా? చెప్పినా ఎవరు నమ్ముతారనా? ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను, నాకు తెలియలేదు.

ఇంటికి వెళ్లే రోజు అందరికీ దండం పెట్టాడు. నాకూ పెట్టాడు. ఆ అరచేతులు ఒకదానికొకటి ఆనలేదు. తర్వాత వాళ్ల ఊరివాళ్లెవరో చెప్పారు, ఇప్పుడు గోవిందమ్మే పాకం చూస్తోందని, ఆయన పక్కన కూర్చుని చెబుతుంటాడని. ఆ పల్లెకు బస్సు ఉంది. నేను ఎక్కలేదు.

ఆ తర్వాత నా చేతికి వచ్చిన ప్రతి రోగి వేళ్లూ వంచాను. పిల్ల నర్సుల చేత దగ్గరుండి ఆ పని చేయించాను. రాక్షసి అని వెనకాల తిట్టుకునేవారు. రిటైరైన రోజు శాలువా కప్పి, రోగుల విషయంలో ఈమెది రాజీ లేని నిష్ఠ అన్నారు. తల వంచుకుని కప్పించుకున్నాను. అదీ ఒక టిక్కే.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి మీరు కాదు. ఆ చార్టు ఈపాటికి ఏ చెదలకో పోయి ఉంటుంది. అందులోని నా గడులన్నింటిలో ఉండాల్సిన మాట ఒక్కటే. ఇవాళ మీ ముందు రాస్తున్నాను.

చేయలేదు.