పొన్న మొక్కకు గొర్రెల ఉప్పు

మొన్న మా మనవరాలు మార్కాపురం నర్సరీ నుంచి నల్ల సంచిలో ఒక మొక్క తెచ్చి, ఇది సముద్రపు ఒడ్డు అడవుల్లో పెరిగే జాతి అంట, మన నేలలో బతుకుతుందా అమ్మమ్మా అని అడిగింది. నున్నటి ఆ ఆకును వేళ్ల మధ్య పట్టుకోగానే నాకు నవ్వు ఆగలేదు. అది పొన్న. దాని సంగతి ఈ చుట్టుపక్కల నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

మా ప్రాంతం కర్నూలు జిల్లాలో, మద్రాసు రాజధాని కింద ఉన్న రోజులవి. నాయన చీరాల వైపు బడిపంతులుగా పనిచేసి, అక్కడి పిల్లనే పెళ్లాడి బేస్తవారిపేటకు తీసుకొచ్చాడు. ఒకసారి అమ్మ పుట్టింటి నుంచి వస్తూ మొగలి పిలకలు, గంగరావి కొమ్మలు, మొలకెత్తిన పొన్నగింజ ఒకటి బుట్టలో పెట్టుకొచ్చింది. కంభం స్టేషన్లో రైలు దిగి ఎక్కిన ఎద్దులబండిలో బుట్టకు అమ్మ ఒళ్లో చోటు దొరికింది, ఎనిమిదేళ్ల నాకు మాత్రం బండి వెనక కాళ్లు వేలాడేసుకునే చోటు దొరికింది.

ఆ ఎండాకాలమే మొగలి మాడిపోయింది, గంగరావిని మేకలు మేసేశాయి. జానెడు పొన్న ఒక్కటే మిగిలింది. ఇది కూడా పోతే మళ్లీ మావైపు చెట్ల ఊసే ఎత్తను అన్నది అమ్మ, అని దొడ్డి తడిక వేసే పని నాకు అప్పగించింది. నేనేమో ఆటల ధ్యాసలో ఒకనాడు తడిక మరిచాను. వచ్చి చూస్తే నాయన తల్లి, మా అవ్వ మేపే నాలుగు గొర్రెలూ పొన్నపాదు చుట్టూ చేరి మన్ను నాకుతున్నాయి, మొక్క మొదలంటా విరిగిపోయి ఉంది.

అమ్మ ఏడుస్తూ నా వీపు మీద ఒకటి వేసింది. రెండోది పడకముందే అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"దాన్నేం అనబాకమ్మా, తప్పు నాది. సముద్రం కాడ పుట్టిన చెట్టు, మన చప్పనీళ్లకు బెంగ పెట్టుకుంటదని గొర్రెలకు పెట్టే ఉప్పే రోజూ చిటికెడు పాదులో ఏసినా."

అమ్మ ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. "అదేంటత్తా, నేను మీ నీళ్లు తాగి బతకట్లేదా?"

"నువ్వయితే నోరు తెరిచి ఏడుస్తావు. దానికి నోరు లేదు గదా."

అమ్మ పకపకా నవ్వింది. అంతవరకు ఆ ఇంట్లో అమ్మ అట్లా నవ్వగా నేను చూడలేదు. నెల తిరక్కుండానే మోడు పక్కన రెండు చిగుళ్లు వచ్చాయి, ఏళ్ల తర్వాత పూసిన మొదటి తెల్లపూలను అవ్వే కోసి అమ్మ తలలో పెట్టింది. ఆ రోజంతా అమ్మ వీధిలో పనిలేకపోయినా నాలుగుసార్లు తిరిగింది.

ఇప్పుడు ఆ దొడ్డి లేదు, ఆ చెట్టూ లేదు. మనవరాలు తెచ్చిన మొక్కకు ఉప్పు అక్కర్లేదని నర్సరీ అతను చెప్పాడట. అయినా ఆ పిల్ల అటు తిరగగానే పాదులో ఒక చిటికెడు వేశాను. వారం రోజులుగా గేటు తీసే ఉంచుతున్నాను, నాకడానికి ఒక్క గొర్రె కూడా రాలేదు.