నడిచి వచ్చిన వాన

మబ్బును చూసి వానను పసిగట్టడం అనంతపురంలో పుట్టిన నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. సౌత్ ఆస్ట్రేలియా సరిహద్దు ఎడారిలో, ఎండిన ఏటి ఇసుకలో కారు ఆపి టీ కాచుకుంటుంటే, అక్కడే పశువుల ఫారం నడిపే పెద్దావిడ జీపు ఆపింది.

"కారు గట్టెక్కించు, మేట్. నీళ్లొస్తున్నాయి."

ఆకాశం వైపు చూశాను. మబ్బు తునక లేదు.

"పైకి కాదు, ఉత్తరానికి చూడు. పోయిన నెల క్వీన్స్‌లాండ్‌లో పడ్డ వాన. ఇప్పటికి నడిచొస్తోంది."

గట్టు మీద నాకూ ఒక మడతకుర్చీ వేసింది. ఏరు వస్తుందంటే ఇలా ఎదురుచూస్తూ కూర్చోవడం వాళ్ల తాతల నాటి అలవాటట.

"చూసి చాలా ఏళ్లయింది," అంది.

సాయంత్రానికి వచ్చింది, ఎండుటాకులనూ నురగనూ తోసుకుంటూ, మెల్లగా. నేను చెప్పులు విడిచి దిగి, నీళ్లు తల మీద చల్లుకున్నాను.

ఒక్క క్షణం చూసి, ఆవిడా బూట్లు విప్పింది.