వెనక కొయ్యలో నేను గీయని గూడు

మీ చేతులతో మీరే గీసిన నమూనాలో మీరు గీయనిది కనిపిస్తే ఏం చేస్తారు? పొరపాటని చెరిపేస్తారా, ఎందుకు కనిపించిందని అడుగుతారా?

నేను మొదట చెరిపేశాను. కాలేజీ డిబేట్లలో దయ్యాలూ మహిమలూ లేవన్న పక్షాన మూడేళ్లు మాట్లాడినదాన్ని. అవతలివాళ్లు ఏ అనుభవం చెప్పినా "ఆధారం ఏమిటి?" అన్న ఒక్క ప్రశ్నతో కూర్చోబెట్టేదాన్ని. ఇప్పుడు అదే ప్రశ్న నాకు నేనే వేసుకుంటూ ఇది రాస్తున్నాను.

పాలకొల్లులో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేస్తాను. చేపల చెరువుల నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకూ, రైస్ మిల్లు యంత్రాలకూ కంప్యూటర్లో నమూనాలు తయారు చేయడం మా పని. మొన్న వేసవిలో, సముద్రంలో వేట నిషేధం ఉన్న రోజుల్లో, నరసాపురం నుంచి సత్తిబాబు గారనే మత్స్యకారుడు వచ్చారు. తండ్రి నాటి చెక్క పడవకు కొత్త ఇంజను బిగించాలి. నీళ్లలో పంకాను తిప్పే దాని ఇనుప కడ్డీ, అంటే షాఫ్టు, బయటికి రావడానికి పడవ వెనక నిలువుగా ఉండే లావుపాటి కొయ్యలో రంధ్రం వేయాలి. ఆ కొయ్య అడుగు దూలంతో కలిసే అతుకులోనే పడవ బలమంతా ఉంటుంది. రంధ్రం తప్పుచోట పడితే అతుకులోకి నీరు దిగుతుంది. అలాంటి కొయ్య మళ్లీ దొరకదు. ఆ ఇంటికి ఆ పడవ తప్ప మరో ఆధారం లేదు.

రేవుకు వెళ్లి టేపుతో బయటి కొలతలన్నీ తీసుకున్నాను. సత్తిబాబు గారి భార్య మంగమ్మ గారు వల బాగుచేసుకుంటూ నన్నే చూస్తున్నారు.

"ముందు మీ కంప్యూటర్ని గోదాట్లో వదలండి అమ్మాయిగారూ. తేలుద్దో లేదో చూసి అప్పుడు మా పడవ ఇస్తాం."

సత్తిబాబు గారు నవ్వారు. నేనూ నవ్వాను.

నమూనా పూర్తయ్యాక సెక్షన్ వ్యూ తెరిచాను. కొబ్బరికాయను నిలువునా కోస్తే లోపల కొబ్బరి ఎంతో, ఖాళీ ఎంతో తెలిసినట్టు, ఈ కోతలో వస్తువు లోపలి భాగం తెర మీద కనిపిస్తుంది. గట్టిగా ఉన్నచోట ఏటవాలు గీతలు వస్తాయి. బోలుగా ఉన్నచోట ఏమీ ఉండదు. కోతను మౌసుతో నెమ్మదిగా జరుపుతున్నాను. అతుకు దగ్గరికి రాగానే గీతల మధ్య అగ్గిపెట్టెంత ఖాళీ కనిపించింది. సరిగ్గా షాఫ్టు వెళ్లే దారిలో.

ఆ కొయ్యను నేను ఒకే గట్టి దిమ్మగా గీశాను. ఫైల్లో నేను చేసిన ప్రతి పనీ వరసగా నమోదై ఉంటుంది. ఆ జాబితా అంతా వెదికినా ఖాళీ జాడ లేదు. కొయ్యను చెరిపేసి మళ్లీ గీశాను. ఇంటికి వెళ్లి, నా ల్యాప్‌టాప్‌లో మొదటి గీత నుంచి మొత్తం పడవను కొత్తగా గీశాను. అదే చోట, అదే ఖాళీ. ఇంకా విచిత్రం, కొయ్య బరువు లెక్కకట్టమంటే సాఫ్ట్‌వేర్ దాన్ని పూర్తి గట్టి కొయ్యగానే లెక్కకడుతోంది. కోత ఒకటి చెబుతోంది, లెక్క మరొకటి చెబుతోంది.

చూడనట్టు ఊరుకుని డ్రాయింగ్ ఇచ్చేయవచ్చు. నా మనసు ఒప్పలేదు. మర్నాడు పొద్దున్నే రేవుకు వెళ్లి, కారణం నాకు తెలియదని ముందే చెప్పి, తెర చూపించాను. రంధ్రం వేసే ముందు, పక్కనుంచి చెక్కను తొలిచే సన్నటి బరమాతో ఒకసారి పరీక్షించమని అడిగాను.

సత్తిబాబు గారే బరమా తిప్పారు. కాసేపు గట్టి చెక్కలో కిర్రుమంటూ తిరిగింది. నేను చెప్పిన లోతుకు చేరగానే ఒక్కసారిగా లోపలికి జారింది. ఆయన దాన్ని వెనక్కి లాగారు.

మొనకు పసుపు అంటుకుని ఉంది. వాసన కూడా తెలుస్తోంది.

మంగమ్మ గారు వల పక్కన పెట్టి, చెప్పులు విడిచి, పడవకు చేతులు జోడించారు. "మా మావయ్యగారు చెప్పేవోరండి. ఈ పడవ కట్టిన మేస్త్రి కొయ్యలో ఎక్కడో పసుపు మూట దాచాడంట. చోటు ఎవరికీ చెప్పకుండానే పోయాడు."

"మరి మొన్న నాకు చెప్పలేదేంటండీ?"

"మీరడిగితేగా! కొలతలడిగారు, కొలతలిచ్చాం."

ఎన్నో వేదికల మీద ప్రశ్నలు వేసినదాన్ని, అడగాల్సిన ఒక్క ప్రశ్న ఇక్కడ అడగలేదు. ఆ పసుపు చూసి భయం మాత్రం కలగలేదు. ముఖం కూడా తెలియని ఒక పనివాడు, తన చేయి ఆగినచోట నా చేయి కూడా ఆపినట్టు అనిపించింది. ఎండకు కాగిన ఆ కొయ్య మీద అరచేయి ఆనించాను.

ఆ గూడును ఎవరూ తెరవలేదు. బరమా పెట్టిన చోట చెక్క మేకు దిగ్గొట్టి మూసేశారు. నేను షాఫ్టు దారిని పైకి జరిపి కొత్త డ్రాయింగ్ ఇచ్చాను. నిషేధం ముగిసిన రోజున పడవ సముద్రంలోకి వెళ్లింది. సాయంత్రానికి చేపలతో తిరిగొచ్చింది.

సాఫ్ట్‌వేర్ లోపమని మీరనవచ్చు, నేనూ అనుకున్నాను. కానీ రెండు కంప్యూటర్లలోని లోపం, ఒక మేస్త్రి దాచిన చోటునే ఎలా ఎంచుకుంది? పసుపు మూట సంగతి ఎప్పుడో విని మరిచానందామా? ఆ రేవులో నేను అడుగు పెట్టడం అదే మొదలు. ఈ రెండూ తీసేశాక నా చేతిలో ఏ వాదనా మిగల్లేదు. నాకు తెలియదు.

రెండు ఫైళ్లూ అలాగే ఉంచాను. ఈ పని తెలిసినవారు రండి, మీ కంప్యూటరే తెచ్చుకోండి. నా మాట పక్కన పెట్టి, కోతను మీ చేత్తో జరిపి చూడండి. రాలేనివారు ఒక్కటి చేయండి. ఇంకొకరు కట్టినదానికి రంధ్రం వేసే ముందు, దాన్ని ఇన్నాళ్లూ నమ్ముకుని బతికినవారి దగ్గర కూర్చుని, లోపల ఏముందో అడగండి.