మూడోసారికి ముందు

మదనపల్లె టమాటా మండీలో వేలం వేసే దేవరాజులును 1998లో టీవీలోకి ఎక్కించింది కేబుల్ ప్రతాప్. గొంతు ఉంది, బిడియం లేదు. ఆ రోజుల్లో వ్యాఖ్యాతను ఇంతకు మించి ఎవరూ పరీక్షించేవారు కాదు.

ఆదివారం మధ్యాహ్నం ప్రశ్నల ఆట. స్టూడియోలో గడియారం లేదు కనుక దేవరాజులు మండీ పద్ధతిలోనే "ఒకటోసారి... రెండోసారి..." అనేవాడు. మూడోసారి అన్నాడంటే గడువు తీరినట్టు.

మొదటి వారమే ఘోరం జరిగింది.

"మన రాష్ట్రంలో జిల్లాలెన్ని?"

"ఇరవై!" అంది ఆదెమ్మ.

"ఒకటోసారి..."

"ఇరవై రెండు!" అంది పక్కనున్న వసంతమ్మ.

"నేనేం తక్కువా? ఇరవై అయిదు!"

పాట ముప్పై ఒకటి దగ్గర ఆగింది. జవాబు ఇరవై మూడు, కాస్త దిగి రండమ్మా అని దేవరాజులు ఎంత బతిమాలినా ఇద్దరూ దిగలేదు. పెంచిన పాట తగ్గించుకోవడం ఆ ఊళ్లో పరువు తక్కువ. బహుమతిగా పెట్టిన స్టీలు బిందె, పెద్ద పాట పాడిన ఆదెమ్మకే ఇచ్చారు. పుంగనూరు దాకా జనం నవ్వారు, నవ్వి మరుసటి ఆదివారం మళ్లీ టీవీ ముందు కూర్చున్నారు.

ఆరేళ్లు గడిచాయి. చుక్కలు రాలే టీవీ తెర మీద తనను చూసుకుంటే, ఎవరో మెత్తటి మనిషి నీళ్లడుగున నిలబడి నవ్వుతున్నట్టు ఉండేది దేవరాజులుకు. ఆ మనిషి హైదరాబాదు చేరాలని అతని కోరిక. 2004లో కుప్పంలో పెట్టిన ఆటకు హైదరాబాదు నుంచి పెద్ద చానెలాయన స్వయంగా వచ్చాడు. నచ్చితే ఉద్యోగం. ప్రశ్నకు ముప్పై సెకన్లు, ఒక్కటి మించినా కుదరదన్నాడు.

ఆఖరి ప్రశ్న రామసముద్రం అన్నపూర్ణమ్మకు పడింది. ఇంద్రధనుస్సులో రంగులెన్ని?

ఆమె కళ్లు మూసుకుంది. "ఉండప్పా, సూస్తాండాను."

"ఒకటోసారి... రెండోసారి..."

ఆమె వేళ్లు మెల్లగా మడుస్తోంది. చేను మీద వాన వెలిసినట్టు హాలంతా నిశ్శబ్దం. చానెలాయన వాచీ చూసుకున్నాడు. దేవరాజులు "మూ..." అని నోరు తెరిచాడు. ఆమె మొహంలో ఆరో రంగు వెలుగుతుండగా ఆ మాట పూర్తి చేయడం అతని వల్ల కాలేదు. తెరిచిన నోటితోనే నిలబడిపోయాడు.

"ఏడు!" అని కళ్లు తెరిచింది అన్నపూర్ణమ్మ. "ఊదా రంగు గుట్ట సాటున ఉండాది, అందుకే కనపడలా."

"నాలుగు నిమిషాలండీ," అన్నాడు చానెలాయన, లేస్తూ.

"నాలుగు నిమిషాలేనా సార్?" అన్నాడు దేవరాజులు, నిజంగానే ఆశ్చర్యపడి.

కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. అన్నపూర్ణమ్మ మాత్రం కుర్చీ దిగలేదు.

"పలమనేరు బస్సుకు ఇంకా గంటుండాది. ఇంకోటి అడగప్పా."

అడిగాడు.