చెమట పట్టని మొహం

మాది కాకినాడ. అక్కడ వేసవిలో ఎండ కంటే ఉక్క చంపుతుంది. స్నానం చేసి తువ్వాలు ఆరేసేలోపే చొక్కా వీపుకి అంటుకుపోతుంది. పెళ్ళికూతుళ్ళకి మేకప్ వేసే రోజుల్లో నా చేతిలో బ్రష్ కంటే రుమాలే ఎక్కువసేపు ఉండేది. ఒక బుగ్గకి పౌడర్ అద్దేసరికి రెండో బుగ్గ కారిపోయేది. ఖర్మ!

అందుకే ఫిల్మ్ నగర్ వచ్చి సినిమా పనిలో కుదురుకున్నాక, మొదటి మే నెలలోనే ఈ ఊరి మీద మనసు పారేసుకున్నాను. ఎండ మాడ్చేస్తోంది సరే, చెమటేదీ? పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. వేసిన మేకప్ వేసినట్టే ఉంటుంది. "ఇదీ ఓ ఎండేనా? మా కాకినాడ రండి, చూపిస్తా" అని సెట్‌లో కోతలు కోసేవాణ్ణి. చెమట పడితేనే ఎండ, లేకపోతే లేదు. అంతే నా లెక్క.

ఆ నెలలోనే జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా మేడ మీద పెళ్ళి సీను. యూసుఫ్‌గూడ నుంచి వచ్చే ఒకావిడ, యాభై దాటిన జూనియర్ ఆర్టిస్టు, పెళ్ళికొడుకు మేనత్త వేషం. ఇన్నేళ్ళూ గుంపులో వెనక నిలబడిన మనిషికి ఆ రోజు క్లోజప్, ఒక డైలాగు. పట్టుచీర కట్టుకుని, మెడ నిండా గిల్టు నగలు పెట్టుకుని, పొద్దున్నించీ ఆ ఒక్క ముక్కే వల్లించుకుంటోంది.

మధ్యాహ్నం టచప్‌కి వెళ్ళి చూద్దును కదా, మొహం మీద ఒక్క చుక్క లేదు. ముక్కు పక్కన కూడా పొడిగా ఉంది. మురిసిపోయాను.

"అబ్బ! మీ మొహం బంగారమండీ. హీరోయిన్‌కి కూడా ఇలా నిలవలేదు. షాట్ అయ్యేదాకా ఇలాగే ఉండండి" అన్నాను.

ఆవిడ సిగ్గుపడింది. చేతిలో ఉన్న నీళ్ళ సీసా పక్కన పెట్టేసింది. చూశాను. పోన్లే, లిప్‌స్టిక్ చెడదు అనుకున్నాను.

కెమెరా సిద్ధం చేసేసరికి ఆవిడ మాట తడబడింది. మరో నిమిషానికి కుప్పకూలింది. పట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతోంది, తడి మాత్రం లేదు.

"వడదెబ్బ కొట్టింది! చెమట గూడ ఆగిపోయింది, జల్ది నీళ్ళు పోయుండ్రి!" అని అరిచాడు లైట్‌మ్యాన్, ఈ ఊరివాడు.

తడి తువ్వాళ్ళు కప్పి కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అంత ముచ్చటపడిన మేకప్‌ని దారిపొడుగునా తడిగుడ్డతో నేనే తుడిచాను. బతికితే చాలు దేవుడా అనుకున్నాను.

బతికింది. మర్నాడు సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. ఆ డైలాగు ఇంకొకావిడతో చెప్పించేశారని అప్పటికే ఆమెకి తెలుసు. తప్పు ఆవిడదే అన్నట్టు, "కాసిని నీళ్ళు తాగొచ్చు కదమ్మా?" అన్నాను.

"దూప మస్తయింది సార్," అంది మెల్లగా. "మొఖం మంచిగున్నది, గిట్లనే ఉండుమన్నరు గద. గందుకే తాగలే."